ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో ప్లేయర్‌ను సరౌండ్ రిసీవర్‌కు కలపడం: మొదటి వైరు నుంచి చివరి సెట్టింగు వరకు

ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ), డీవీడీ-ఆడియో అనేవి మామూలు సీడీ కన్నా ఎక్కువ నాణ్యతతో, రెండుకు మించిన ఛానళ్లలో సంగీతాన్ని నింపగల డిస్కులు. వీటి గురించి రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం చుట్టుపక్కల పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ప్లేయరు ఉంది, రిసీవరు (స్పీకర్లను నడిపే యాంప్లిఫయరు పెట్టె) ఉంది, ఐదు స్పీకర్లూ సబ్‌వూఫరూ ఉన్నాయి, డిస్కు అట్ట మీద మల్టీఛానల్ అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది. అయినా వెనుక స్పీకర్లు పలకవు, పలికినా ఏదో వెలితిగా ఉంటుంది. లోపం సాధారణంగా పరికరాల్లో ఉండదు, వాటిని కలిపిన తీరులో ఉంటుంది.

పని మొదలుపెట్టక ముందే ఒక సూత్రాన్ని మనసులో పెట్టుకోవాలి. డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే పెట్టె ఏదైతే, స్పీకర్ల సైజు, దూరం, లెవెల్ సెట్టింగులు ఆ పెట్టె మెనూలోనే చేయాలి. హెచ్‌డీఎంఐతో కలిపితే ఆ పెట్టె రిసీవరు. ఆరు అనలాగ్ వైర్లతో కలిపితే ఆ పెట్టె ప్లేయరు. ఈ తేడా తెలియక ఒక పెట్టెలో చేయవలసిన పనిని ఇంకో పెట్టెలో చేసి, ఫలితం కనబడక విసిగిపోయినవారిని చాలామందిని చూశాను.

1. ముందుగా రెండు పెట్టెల వెనుక భాగం చూడండి

టార్చిలైటు పట్టుకొని ప్లేయరు వెనుక, రిసీవరు వెనుక ఏయే సాకెట్లు ఉన్నాయో కాగితం మీద రాసుకోవాలి. ఈ పది నిమిషాల పని చేస్తే దుకాణానికి రెండోసారి వెళ్లే అవసరం రాదు.

□ ప్లేయరుకు హెచ్‌డీఎంఐ అవుట్ ఉందా?
□ ప్లేయరుకు 5.1 లేదా 7.1 (ఐదు లేదా ఏడు స్పీకర్లకు, ఒక సబ్‌వూఫరుకు) అనలాగ్ అవుట్ ఉందా? ఉంటే ఆరు లేదా ఎనిమిది గుండ్రటి ఆర్‌సీఏ సాకెట్లు ఒకే గుంపుగా కనబడతాయి.
□ రిసీవరుకు హెచ్‌డీఎంఐ ఇన్ ఉందా? అది ధ్వనిని తీసుకుంటుందా, లేక బొమ్మను టీవీకి దాటించడానికి మాత్రమేనా? పాత రిసీవర్లలో కొన్ని రెండో రకానివి.
□ రిసీవరుకు మల్టీఛానల్ ఇన్ ఉందా? కొన్నింటి మీద దాన్ని ఎక్స్‌టర్నల్ ఇన్ అనీ, 7.1 ఇన్ అనీ రాస్తారు. కొత్త రిసీవర్లలో చాలావాటికి ఈ సాకెట్లే ఉండవు కాబట్టి, పాత ప్లేయరుకు జతగా రిసీవరు కొనేవారు దీన్ని చూశాకే డబ్బు చెల్లించాలి.
□ రిసీవరు మాన్యువల్‌లో డీఎస్‌డీ (ఎస్‌ఏసీడీలో ధ్వనిని రాసే డిజిటల్ పద్ధతి) అన్న మాట ఉందా?

2. దారిని ఎంచుకోవడం

ఆప్టికల్, కోయాక్సియల్ వైర్ల సంగతి మొదట తేల్చుకోవాలి. ఈ రెండూ స్టీరియో పీసీఎమ్‌ను (సీడీలో వాడే, కుదించని డిజిటల్ ధ్వనిని) గానీ, కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్‌లను గానీ మోయగలవు. చాలా ఎస్‌ఏసీడీ డిస్కుల్లో మామూలు సీడీ పొర కూడా ఉంటుంది, కానీ ఎస్‌ఏసీడీ పొరలోని ధ్వని వీటి గుండా బయటకు రాదు. డీవీడీ-ఆడియోలోని పూర్తి నాణ్యత గల ఆరు ఛానళ్లూ రావు. వైరు ఎంత ఖరీదైనదైనా ఇందులో మార్పు లేదు.

అమలాపురంలో మా మేనమామగారింట్లో సరిగ్గా ఇదే జరిగింది. ప్లేయరును ఆప్టికల్ వైరుతో కలిపారు. ఎస్‌ఏసీడీ పెడితే నిశ్శబ్దం వచ్చేసరికి, ఎవరో మెనూలో సీడీ పొర ఎంచి వెళ్లారు. రిసీవరు ఆ రెండు ఛానళ్లనే తన సరౌండ్ మోడ్‌తో ఐదుగా పంచుతుంటే, ఎనిమిది నెలలు అదే మల్టీఛానల్ అనుకొని విన్నారు. రిసీవరు డిస్‌ప్లే మీద మాత్రం మొదటి రోజు నుంచీ పీసీఎమ్ 44.1 అనే కనబడుతోంది. ఎస్‌ఏసీడీ పాడుతున్నప్పుడు ఆ అంకె కనబడిందంటే మీరు వింటున్నది మామూలు సీడీ పొర అని అర్థం.

ఇక మిగిలేవి రెండు దారులు.

హెచ్‌డీఎంఐ: ఒకే వైరు, ఆరు ఛానళ్లూ డిజిటల్‌గా వెళ్తాయి, సెట్టింగులన్నీ రిసీవరులో ఉంటాయి. డీవీడీ-ఆడియోకు 2004లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.1లో, డీఎస్‌డీకి 2005లో వచ్చిన 1.2లో చోటు కల్పించారు. అంతకన్నా పాత పరికరమైతే హెచ్‌డీఎంఐ సాకెట్ ఉన్నా ఈ డిస్కుల ధ్వని దాటకపోవచ్చు.

ఆరు అనలాగ్ వైర్లు: ప్లేయరుకు ఈ అవుట్ ఉంటే, అది ఏ కాలానిదైనా పని జరుగుతుంది. అయితే చాలా రిసీవర్లు ఈ ఇన్‌పుట్‌కు వాల్యూమ్ తప్ప మరే సవరణా చేయవు.

రెండు దారులూ ఉన్నవారికి నా సలహా హెచ్‌డీఎంఐ. ప్లేయరులోని అనలాగ్ భాగం నిజంగా మేలైనదైతే, స్పీకర్లు ఐదూ పెద్దవే అయితే, ఆరు వైర్ల దారి కూడా మంచిదే. చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు ఉన్న ఇంట్లో మాత్రం హెచ్‌డీఎంఐ వైపే మొగ్గాలి. కారణం 6వ భాగంలో వస్తుంది.

3. వైర్లు, కరెంటు

స్పీకర్ వైరు అసలు రాగిదై ఉండాలి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు వద్దు. పది మీటర్ల లోపు దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, అంతకు మించితే 2.5 వైరు సరిపోతాయి. వెనుక స్పీకర్ల వైర్లను గోడ వెంబడి పీవీసీ కేసింగ్‌లో నడిపించాలి. కొబ్బరి తోటల మధ్య ఇళ్లలో ఎలుకలు వైర్లు కొరకడం మామూలే కాబట్టి, చాప కింద వదిలేసిన వైరు ఎక్కువ కాలం నిలవదు.

అనలాగ్ దారికి ఆరు ఆర్‌సీఏ వైర్లు కావాలి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న ఏవీ కేబుళ్లు ఒకే పొడవువి రెండు కొంటే సరిపోతుంది. మీటరు, మీటరున్నర దూరానికి ఏ రంగు పిన్ను వైరైనా ధ్వనిని ఒకేలా మోస్తుంది. రంగులు మన గుర్తు కోసమే.

ప్లేయరు, రిసీవరు, సబ్‌వూఫరు, టీవీ అన్నింటికీ కరెంటు ఒకే ప్లగ్ పాయింట్ నుంచి, ఎర్త్ సరిగా ఉన్న బోర్డు ద్వారా ఇవ్వడం మేలు. వోల్టేజి తరచుగా పడిపోయే ఊళ్లలో రిసీవరు వాట్‌లకు తగిన స్టెబిలైజరు తప్పనిసరి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది. సైన్ వేవ్ ఇన్వర్టరు లేకపోతే కరెంటు వచ్చేదాకా ఆగడమే మంచిది.

ఇక్కడొక హెచ్చరిక. స్పీకర్లలో గుర్రుమనే శబ్దం పోవడానికి ప్లగ్గులోని ఎర్త్ పిన్నును విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణాపాయం. ఆ శబ్దానికి వేరే సవరణ ఉంది, 8వ భాగంలో రాశాను.

4. స్పీకర్ల స్థానం, పోలారిటీ (ప్లస్, మైనస్)

మల్టీఛానల్ సంగీతానికి అంతర్జాతీయంగా పాటించే ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) అమరికలో ఐదు స్పీకర్లూ శ్రోతకు సమాన దూరంలో ఉంటాయి. సెంటర్ ఎదురుగా, ముందు రెండూ చెరో 30 డిగ్రీల దగ్గర, సరౌండ్ (వెనుక స్పీకర్లు) రెండూ చెరో 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. దీన్ని ఇంట్లో కొలవడానికి ఒక పురికొస చాలు.

ఆరు అడుగుల పురికొస తీసుకోండి. ఒక చివరను మీరు కూర్చునే కుర్చీలో తల ఉండే చోట పట్టుకోవాలి. రెండో చివర తాకే దూరంలో ఎడమ ముందు స్పీకరు, కుడి ముందు స్పీకరు పెట్టి, ఆ రెండింటి మధ్య కూడా అదే పురికొస సరిగ్గా సరిపోయేలా జరపాలి. అప్పుడు మూడు వైపులా సమానమైన త్రిభుజం ఏర్పడి, కోణం దానంతటదే కుదురుతుంది. సరౌండ్ స్పీకర్లను అదే పురికొస దూరంలో, భుజాల వరుసకు రెండు అడుగులు వెనుకగా, ఇరుపక్కలా ఉంచాలి. సినిమా కోసమని వీటిని గోడ పైభాగాన బిగించిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ డిస్కులకు మాత్రం చెవి ఎత్తుకు దగ్గరగా ఉంటేనే చుట్టూ వాద్యాలు నిలబడినట్టు వినిపిస్తుంది.

హాలులో నున్నటి టైల్స్, ఖాళీ గోడలు ఉంటే శబ్దం గిరగిరా తిరుగుతుంది. ముందు స్పీకర్లకూ కుర్చీకీ నడుమ నేల మీద మందపాటి తివాచీ, అది లేకపోతే రెండు మూడు తుంగచాపలు ఒకదానిపై ఒకటి పరిచి, కిటికీలకు బరువైన తెరలు వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ప్రతి స్పీకరులోనూ ఎరుపు టెర్మినల్ రిసీవరు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్లాలి. గోడలోంచి వచ్చిన వైరు ఏది ఎటో తెలియకపోతే, రిసీవరు వైపు ఆ రెండు కొసలనూ పూర్తిగా ఊడదీసి, 1.5 వోల్టుల పెన్ బ్యాటరీని క్షణం పాటు తాకించాలి. స్పీకరు కోన్ బయటకు పొంగితే బ్యాటరీ ప్లస్‌ను తాకిన కొసే ప్లస్. లోపలికి పోతే తారుమారు అయినట్టు.

5. హెచ్‌డీఎంఐ దారి

1. అన్ని పరికరాల స్విచ్‌లూ ఆపి, ప్లేయరు హెచ్‌డీఎంఐ అవుట్ నుంచి రిసీవరు హెచ్‌డీఎంఐ ఇన్‌కు ఒక వైరు, రిసీవరు హెచ్‌డీఎంఐ అవుట్ నుంచి టీవీకి మరో వైరు కలపాలి. ప్లేయరును నేరుగా టీవీకి కలిపి, ధ్వనిని టీవీ నుంచి వెనక్కు తేవాలని చూడవద్దు.

2. మొదట టీవీ, తరువాత రిసీవరు, చివరగా ప్లేయరు ఆన్ చేయాలి. పరికరాలు ఒకదాన్నొకటి గుర్తించడానికి ఈ వరుస సాయపడుతుంది.

3. ప్లేయరు మెనూలో హెచ్‌డీఎంఐ ఆడియోను ఆటో లేదా మల్టీఛానల్‌లో పెట్టాలి. టూ ఛానల్ లేదా డౌన్‌మిక్స్ (అన్ని ఛానళ్లనూ రెండింటిలోకి కలిపేది) అని ఉంటే మార్చాలి.

4. వీడియో రిజల్యూషన్‌ను 720పీ లేదా అంతకన్నా ఎక్కువకు పెట్టాలి. హెచ్‌డీఎంఐలో ధ్వని అనేది బొమ్మ సంకేతంలోని ఖాళీల్లో ప్రయాణిస్తుంది. 480పీలో ఆ ఖాళీలు చిన్నవి కాబట్టి ఎక్కువ నాణ్యత గల ఆరు ఛానళ్లకు చోటు చాలదు. పాటలకూ బొమ్మకూ సంబంధమేమిటని దీన్ని చాలామంది వదిలేస్తారు.

5. రిసీవరుకు డీఎస్‌డీ తెలిస్తే ప్లేయరులో ఎస్‌ఏసీడీ అవుట్‌పుట్‌ను డీఎస్‌డీగా, తెలియకపోతే పీసీఎమ్‌గా పెట్టాలి. పీసీఎమ్ అయితే అది సాధారణంగా 88.2 లేదా 176.4 కిలోహెర్ట్జ్‌గా వస్తుంది. గది సవరణ (మైకుతో కొలిచి ధ్వనిని గదికి తగ్గట్టు దిద్దడం) చేయడానికి చాలా రిసీవర్లు డీఎస్‌డీని ఎలాగూ పీసీఎమ్‌గా మార్చుకుంటాయి కనుక, పీసీఎమ్ పెట్టినందుకు చింతించనవసరం లేదు.

6. ఎస్‌ఏసీడీ పొర ఎంపికలో మల్టీఛానల్‌ను ఎంచాలి. ఒకే డిస్కులో మల్టీఛానల్, స్టీరియో, సీడీ మూడూ ఉండవచ్చు. ప్లేయరు ఫ్యాక్టరీ నుంచి స్టీరియో మీద ఉండి వస్తే, ఎంత పాడించినా వెనుక స్పీకర్లు మూగగానే ఉంటాయి.

7. రిసీవరులో హెచ్‌డీఎంఐ ఆడియో యాంప్ (అంటే రిసీవరు) వైపు ఉందో, టీవీ వైపు ఉందో చూసి, యాంప్ వైపు పెట్టాలి.

డీవీడీ-ఆడియో డిస్కుల్లో చాలావాటికి డీవీడీ-వీడియో భాగం కూడా ఉంటుంది. ప్లేయరు ఆ భాగాన్ని ఎంచితే మీకు వినబడేది కుదించిన డాల్బీ లేదా డీటీఎస్ మాత్రమే. డిస్కు మోడ్‌ను డీవీడీ-ఆడియోకు మార్చాలి. మొదటిసారి టీవీ ఆన్ చేసి మెనూ చూస్తూ చేయడం సులువు. బ్లూరే ఆడియో డిస్కులైతే బిట్‌స్ట్రీమ్ (సంకేతాన్ని ప్లేయరు విప్పకుండా రిసీవరుకే పంపే ఎంపిక) పెట్టి, సెకండరీ ఆడియోను (మెనూ శబ్దాల వంటివి కలిపే ఎంపికను) ఆపివేయాలి.

6. ఆరు వైర్ల దారి

ఇక్కడ తొందర పనికిరాదు. వైరు తగిలించక ముందే ప్రతి వైరుకూ రెండు చివరలా కాగితపు టేపు చుట్టి, దాని పేరు పెన్నుతో రాయాలి.

□ మొదటి కేబుల్ తెలుపు: ఎడమ ముందు
□ మొదటి కేబుల్ ఎరుపు: కుడి ముందు
□ మొదటి కేబుల్ పసుపు: సెంటర్
□ రెండో కేబుల్ తెలుపు: ఎడమ సరౌండ్
□ రెండో కేబుల్ ఎరుపు: కుడి సరౌండ్
□ రెండో కేబుల్ పసుపు: సబ్‌వూఫరు

ఎక్కువగా జరిగే పొరపాటు రెండు పసుపు వైర్లు తారుమారు కావడం. అలా అయిన ఒక ఇంట్లో నేను విన్నది బాగా గుర్తుంది. సెంటర్‌లో రావలసిన గాయకుడి గొంతు దాదాపు మాయమై, గదిమూలన సబ్‌వూఫరు నుంచి పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు గుబగుబమనే శబ్దం వచ్చింది. సెంటర్ స్పీకరు అప్పుడప్పుడు ఒక గుడగుడ పలికి ఊరుకుంది. ఇంటివారు రికార్డింగే అలా ఉందనుకున్నారు. రెండు పిన్నులు మార్చగానే గొంతు ఎదురుగా వచ్చి నిలబడింది.

తగిలించడం పూర్తయ్యాక రిసీవరులో మల్టీఛానల్ ఇన్ ఎంచుకోవాలి. కొన్నింటిలో ఇది మామూలు ఇన్‌పుట్‌ల వరుసలో ఉండదు. రిమోట్‌లో విడిగా ఒక బటన్ ఉంటుంది.

ఇక సెట్టింగులు. ఈ దారిలో అనలాగ్‌గా మార్చేది ప్లేయరే కాబట్టి, స్పీకర్ల సైజు, దూరం, లెవెల్ అన్నీ ప్లేయరు మెనూలో పెట్టాలి. మైకు పెట్టి రిసీవరు చేసుకున్న కొలతలు ఈ ఇన్‌పుట్‌కు సాధారణంగా వర్తించవు.

చిన్న స్పీకర్లు ఉన్నవారు ప్లేయరులో స్మాల్ అని పెట్టి, క్రాసోవర్ (ఏ స్వరం నుంచి కిందిది సబ్‌వూఫరుకు పంపాలో చెప్పే హద్దు) అడిగితే 80 హెర్ట్జ్ ఇవ్వాలి. అప్పుడు వాటి లోతైన స్వరాలు సబ్‌వూఫరుకు మళ్లుతాయి. అయితే కొన్ని ప్లేయర్లలో డీఎస్‌డీని నేరుగా అనలాగ్‌గా మార్చేటప్పుడు ఈ మళ్లింపు పనిచేయదు. అలాంటప్పుడు చిన్న స్పీకర్లకు అందని బాస్ ఎటూ పోకుండా రాలిపోతుంది. సబ్‌వూఫరు తన ప్రత్యేక ఛానల్‌లో ఉన్నదాన్ని మాత్రమే పలుకుతుంది. మెనూలో డీఎస్‌డీని పీసీఎమ్‌గా మార్చే ఎంపిక ఉంటే పెట్టి చూడాలి. లేకపోతే హెచ్‌డీఎంఐకి మారడం ఒక్కటే నిజమైన పరిష్కారం.

7. పరీక్ష, లెవెల్

రిసీవరులోని టెస్ట్ టోన్ స్పీకర్ వైర్లను మాత్రమే పరీక్షిస్తుంది. ఆరు ఆర్‌సీఏ వైర్లను అది తాకనైనా తాకదు. అందుకే అనలాగ్ దారి వారు రెండు విడతలుగా పరీక్షించాలి. మొదట రిసీవరు టోన్‌తో ఏ స్పీకరు ఎక్కడుందో సరిచూసి, తరువాత ప్లేయరు మెనూలోని టోన్‌తో మొత్తం దారిని సరిచూడాలి.

దూరాలను టేపుతో కొలిచి ఇవ్వాలి. ధ్వనికి ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. దగ్గరి స్పీకరును ఆ మేరకు ఆపి పంపడానికే ఈ కొలత.

లెవెల్ కోసం ఫోనులో శబ్దం కొలిచే యాప్ చాలు. ఫోనును కుర్చీలో చెవి ఎత్తున, పైకప్పు వైపు మైకు ఉండేలా పట్టుకొని, ప్రతి స్పీకరు టోన్‌కూ ఒకే అంకె, ఉదాహరణకు 75 డెసిబెళ్లు, వచ్చేలా సవరించాలి. ఫోను చూపే అంకె ఖచ్చితం కాకపోయినా, ఐదు స్పీకర్లకూ ఒకేలా రావడమే మనకు కావలసింది. ఉక్కపోత ఎంత ఉన్నా ఆ కాసేపు ఫ్యాను ఆపాలి. దాని గాలి మైకును తాకితే అంకెలు నిలవవు. సబ్‌వూఫరు విషయంలో ఫోను మైకును నమ్మవద్దు, తెలిసిన పాటతో చెవినే నమ్మండి.

ఆ తరువాత డిస్కు పెట్టి రిసీవరు డిస్‌ప్లే చూడాలి. హెచ్‌డీఎంఐ దారిలో డీఎస్‌డీ అని గానీ, మల్టీఛానల్ పీసీఎమ్ అని గానీ కనబడాలి. వెనుక స్పీకరు దగ్గర చెవి పెట్టి విన్నప్పుడు ముందు పాటే సన్నగా వినబడితే అనుమానించాలి. వేరే వాద్యమో, హాలు ప్రతిధ్వనో, చప్పట్లో వినబడితే దారి సరైనదే.

8. తరచుగా వచ్చే ఇబ్బందులు, సవరణలు

ధ్వని అసలు రావడం లేదు: హెచ్‌డీఎంఐలో ఎస్‌ఏసీడీ అవుట్‌పుట్‌ను డీఎస్‌డీ నుంచి పీసీఎమ్‌కు మార్చండి. అయినా రాకపోతే రిజల్యూషన్ చూసి, మూడు పరికరాలనూ ఆపి వరుసగా ఆన్ చేయండి.

ముందు రెండే పలుకుతున్నాయి: పొర ఎంపిక స్టీరియోలో ఉందేమో, ఆ డిస్కులో మల్టీఛానల్ భాగం నిజంగా ఉందో లేదో చూడండి. ఎస్‌ఏసీడీలన్నీ మల్టీఛానల్ కావు.

ప్రతి పాట మొదటి క్షణం తెగిపోతోంది: రిసీవరు సంకేతాన్ని గుర్తించేలోపు పాట మొదలవుతోంది. పీసీఎమ్‌కు మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

అనలాగ్‌లో బాస్ పలచగా ఉంది: సబ్‌వూఫరు ఛానల్‌ను 10 డెసిబెళ్లు పెంచి పలికించాలన్నది 5.1లోని ఏర్పాటు. ప్లేయరూ రిసీవరూ రెండూ ఆ పని చేయకపోతే బాస్ నీరసిస్తుంది, రెండూ చేస్తే ఇల్లు అదురుతుంది. రిసీవరులో మల్టీఛానల్ ఇన్‌కు సబ్‌వూఫరు లెవెల్ అని 5, 10, 15 డెసిబెళ్ల మెట్లు ఉంటే 10తో మొదలుపెట్టండి.

హెచ్‌డీఎంఐలో డైరెక్ట్ మోడ్ పెట్టగానే ధ్వని మారిపోయింది: ఆ మోడ్‌లో చాలా రిసీవర్లు గది సవరణను ఆపేస్తాయి. చిన్న స్పీకర్లున్నవారు దాన్ని వాడకపోవడమే మంచిది.

గుర్రుమనే శబ్దం: ముందు టీవీ నుంచి కేబుల్ కనెక్షన్ వైరు ఊడదీసి వినండి. శబ్దం ఆగితే కేబుల్ వైరు వేరొక ఎర్త్‌ను ఇంట్లోకి తెస్తోందన్నమాట. దానికి కేబుల్ ఐసోలేటర్ పెట్టాలి. ఆగకపోతే ఆర్‌సీఏ పిన్నులను ఒక్కొక్కటిగా తీసి, ఏ వైరుతో శబ్దం వస్తోందో పట్టుకోవాలి.

9. మన గాలికి తగ్గ జాగ్రత్తలు

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి పిన్నులు త్వరగా చిలుము పడతాయి. ఒక స్నేహితుడి ఇంట్లో కుడి సరౌండ్ వస్తూ పోతూ ఉంటే పిన్ను లాగి చూశాను. దాని అంచు చుట్టూ ఆకుపచ్చటి పొడి, సాకెట్ లోపల నల్లటి వలయం కనబడ్డాయి. అన్ని స్విచ్‌లూ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలుగుడ్డతో పిన్నునూ, దూది పుల్లతో సాకెట్‌నూ తుడిచి ఆరనిచ్చాక ఛానల్ నిలిచింది. ఆర్నెల్లకొకసారి ప్రతి పిన్నునూ లాగి, తుడిచి, కొద్దిగా తిప్పుతూ మళ్లీ దూర్చడం మంచిది. స్పీకర్ వైరు కొస పచ్చబడితే అంగుళం కత్తిరించి కొత్త రాగిని బయటకు తీయాలి.

రిసీవరు పైన కనీసం నాలుగు అంగుళాల ఖాళీ వదలాలి. మీద గుడ్డ కప్పాలంటే అది పూర్తిగా చల్లారాకే కప్పాలి. బల్లులు వెచ్చదనానికి గాలి కన్నాల్లోంచి లోపలికి దూరి సర్క్యూట్ మీద చనిపోయి, షార్టుకు కారణమవుతాయి. వెనుక గోడకూ పెట్టెకూ నడుమ చెత్త చేరకుండా తుడుస్తూ ఉండాలి.

ఉరుములు మొదలైతే స్విచ్ ఆపి ఊరుకోకూడదు. ప్లగ్గులు ఊడదీయాలి, కేబుల్ టీవీ వైరూ, నెట్ వైరూ కూడా ఊడదీయాలి. పిడుగు ఆ సన్నటి వైర్ల వెంబడి కూడా వస్తుంది.

అన్నీ కుదిరాక ప్లేయరు, రిసీవరు మెనూల్లో పెట్టిన దూరాలు, లెవెళ్లు, సైజులు ఒక కాగితం మీద రాసి రిసీవరు పక్కన గోడకు అతికించండి. ఎక్కువ రోజులు కరెంటు లేకపోయినా, ఎవరైనా పొరపాటున రీసెట్ నొక్కినా, ఆ కాగితం చూసి పది నిమిషాల్లో తిరిగి పెట్టుకోవచ్చు.